కోడి బ్రెస్ట్ తెలుపు, లెగ్ ఎరుపు సరే... మరి పావురం సంగతేంది?

ల్యాబ్ కోటు (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఫిజియాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. మూడు రోజులుగా ఒక డౌట్ బుర్ర తినేస్తోంది.

మొన్న ప్రాక్టికల్‌లో కండ స్లైడ్లు రెండు ఇచ్చారు. రెండూ ఒకే ముక్క నుంచి పక్కపక్కనే కోసిన పొరలు. రంగు వేసే ముందు ఒకదాన్ని ఆమ్లంలో (పీహెచ్ 4.3), ఇంకోదాన్ని క్షారంలో (పీహెచ్ 9.4) ఉంచారట. చూస్తే నల్లవీ పాలిపోయినవీ కలిసి చదరంగం గళ్ళలా ఉన్నాయి. మొదటి స్లైడులో ఒక మూల ఐదు పలకల ఫైబరు (కండ కణం) ఒకటి నల్లగా కనబడింది. రెండో స్లైడులో అదే మూలకి వెళ్ళి అదే ఆకారం వెతికి పట్టుకున్నాను. తెల్లగా ఉంది. దాని చుట్టూ ఉన్నవన్నీ నల్లబడ్డాయి. అచ్చం ఫొటో నెగటివ్.

పుస్తకంలో ఒక్క లైనే ఉంది: ఎరుపు అంటే స్లో, టైప్ 1, తెలుపు అంటే ఫాస్ట్, టైప్ 2. రంగు చూసి చెప్పగలిగితే ఇన్ని యాసిడ్లు ఎందుకు? ఇంకోటి. ఎలుక స్లైడు మీదా, మనిషి స్లైడు మీదా '2బి' (టైప్ 2లో ఒక ఉపరకం) అని లేబుల్ ఉంది. కొత్త నోట్సులో మాత్రం మనిషికి 2బి లేదని రాశారు. వైవాలో ఏది చెప్పాలో టెన్షన్‌గా ఉంది.

కోళ్లంగడి (శనివారం, రాత్రి 10:05)

పాపా, నాకు టైపులు తెలీవు గానీ కోడి తెలుసు. చిత్తూరులో మా నాయన కాలం నుంచి అంగడి. బాయిలర్ అయినా నాటుకోడి అయినా బ్రెస్ట్ తెలుపే, లెగ్ ఎరుపే. నాటుకోడి లెగ్ ఇంకా ముదురు రంగు, అంతే తేడా. కోసినాక బ్రెస్టు తొందరగా బిగుసుకుంటుంది. కోసిన వెంటనే వండితే రబ్బరు మాదిరి సాగుతుంది. కాసేపు ఆగి తీసుకుపోండి సామీ అంటే ఎవరూ వినరు.

అన్నట్టు కందనకాయ గూడా ముదురు ఎరుపే గదా. అది ఏ టైపు?

రిటైర్డ్ పశువైద్యుడు (శనివారం, రాత్రి 10:31)

కందనకాయ ఏ టైపూ కాదు. అది అసలు అస్థి కండరమే కాదు, నునుపు కండరం, పేగు గోడల్లో ఉండే జాతి. అయినా ఎర్రగా ఉంది చూశారా? అక్కడే ఉంది అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు. ఎరుపు మయోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ పట్టుకుని దాచే ప్రొటీన్ అది. కండ ఎంత వేగంగా ముడుచుకుంటుందో దానికి తెలియదు.

చిన్న పరీక్ష పెడతాను. గుడి గోపురం మీద పావురాలు రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటాయి? ఆ రొమ్ము కండ కోస్తే ముదురు ఎరుపు. అందులో ఎక్కువ భాగం ఫాస్ట్ ఫైబర్లే, కానీ ఆక్సిజన్‌తో పనిచేసేవి, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా దండిగా ఉండేవి. కోడి రొమ్ము ఒక్కసారి గోడ మీదికి ఎగరడానికి, అంతే. రెండు ఎగురుళ్ళకే అలిసిపోతుంది. పావురం ఊళ్ళు దాటాలి. రెండూ ఫాస్టే, రంగులు వేరు. ఇక చేప నడుము పొడుగునా తోలు కింద ఒక ఎర్రటి పట్టీ ఉంటుంది చూడండి, అది మాత్రం నిజంగా స్లో. మెల్లగా ఈదేటప్పుడు అదొక్కటే పనిచేస్తుంది. పిల్లి తరిమితే... అదే, పెద్ద చేప తరిమితే, మిగతా తెల్లదంతా లేస్తుంది.

కోళ్లంగడి గారూ, మీరు చెప్పిన బిగుసుకోవడం నిజం. కండలో మయోసిన్ అనే ప్రొటీన్ తన తలతో ఆక్టిన్ అనే ప్రొటీన్ తీగని పట్టుకుని లాగుతుంది. వదలాలంటే ఏటీపీ, అంటే కణం ఇంధనం, కావాలి. ప్రాణం పోయాక ఏటీపీ అయిపోతుంది, పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోతుంది. తెల్ల కండ నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని గబగబా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే తొడ కంటే రొమ్ము మాంసం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది.

జిమ్ తమ్ముడు (శనివారం, రాత్రి 10:44)

సింపుల్ బ్రో. బ్రెస్ట్‌లో ప్రొటీన్ జాస్తి. అందుకే ఫాస్ట్. మేం రోజూ తినేది అదే.

బయోకెమ్ డబ్బా (శనివారం, రాత్రి 11:20)

తమ్ముడూ, ప్రొటీన్ ఎంత అన్నది కాదు ఇక్కడి లెక్క, ఏ ప్రొటీన్ అన్నది. కిలో బియ్యం కిలో బియ్యమే గానీ సోనామసూరికీ దోసెల బియ్యానికీ తేడా లేదా? అలాగ.

ల్యాబ్ కోటు గారూ, మీ స్లైడు సంగతి. మయోసిన్ అంటే రెండు బరువు గొలుసులు, నాలుగు తేలిక గొలుసులు. బరువు గొలుసులో దాదాపు 1,940 అమైనో ఆమ్లాలు. ఈ గొలుసుకి ఒంట్లో ఒక జన్యువు కాదు, ఒక కుటుంబమే ఉంది. స్లో రకానికి ఎంవైహెచ్7, ఫాస్ట్ ఉపరకాల్లో 2ఏకి ఎంవైహెచ్2, 2ఎక్స్‌కి ఎంవైహెచ్1, 2బికి ఎంవైహెచ్4. పిండంలో ఉన్నప్పుడు ఎంవైహెచ్3, పుట్టేవేళకి ఎంవైహెచ్8. ఫాస్ట్‌వీ పిండంవీ 17వ క్రోమోజోమ్ మీద ఒకే వీధిలో వరుస ఇళ్ళలా ఉంటాయి. స్లోది మాత్రం 14 మీద, గుండె జన్యువు పక్కన.

చూడటానికి అన్నీ అక్కచెల్లెళ్ళే. తేడా ఎక్కడంటే, తల ఏటీపీని విరిచి లాగాక మిగిలిన ఏడీపీని ఎంత తొందరగా వదులుతుందన్న దగ్గర. వదిలితేనే తర్వాతి ఏటీపీ వచ్చి కూర్చుంటుంది, తల ఊడి మళ్ళీ పట్టుకుంటుంది. స్లో మయోసిన్ నింపాదిగా వదులుతుంది. అందుకే వేగం తక్కువ, ఖర్చూ తక్కువ. మయోసిన్ ఏటీపీయేజ్ (ఏటీపీని విరిచే ఎంజైము) చురుకుదనానికీ కండ ముడుచుకునే వేగానికీ లంకె ఉందని 1967లో బారనీ అనే శాస్త్రవేత్త చాలా జంతువుల కండలు పోల్చి చూపించాడు.

మీ యాసిడ్ చేసేది ఇదే. 4.3 దగ్గర ఫాస్ట్ మయోసిన్ల ఎంజైము చచ్చిపోతుంది, స్లోది బతుకుతుంది. 9.4 దగ్గర కథ తిరగబడుతుంది. నలుపు పడేది బతికిన దాని మీదే. మీ ఐదు పలకల ఫైబరు అందుకే ఒకచోట నల్లగా, ఇంకోచోట తెల్లగా ఉంది. అది టైప్ 1. 4.6 దగ్గర ఇంకో పొర వేయిస్తే 2ఏ తెల్లగా, రెండో రకం ఫాస్ట్ ఫైబరు బూడిద రంగులో వస్తాయి. రంగు చూసి టైపు చెప్పడమంటే చొక్కా చూసి జీతం చెప్పడమే.

ఇక 2బి గొడవ. 1970లో ఈ ఆమ్లం పద్ధతితోనే 2ఏ, 2బి అని విడదీశారు. మనిషి కండలో కనిపించిన రెండో రకానికీ అప్పట్లో 2బి అనే పేరు పడింది. తర్వాత, 1980ల చివర్లో, ఎలుకల్లో ఇంకో మయోసిన్ బయటపడింది, దానికి 2ఎక్స్ అని పేరు పెట్టారు. మనిషి మయోసిన్ జన్యువులు చదివితే మనం 2బి అనుకున్నది నిజానికి ఆ 2ఎక్స్. 2బి జన్యువు మనకీ ఉంది, కానీ కాళ్ళూ చేతుల కండల్లో దాని ప్రొటీన్ కనిపించదు. కాబట్టి ఎలుక స్లైడు లేబుల్ రైటు, మనిషి స్లైడుది పాత లేబుల్.

ల్యాబ్ కోటు (ఆదివారం, ఉదయం 7:02)

సార్, చొక్కా-జీతం లైను నోట్సులో రాసుకున్నాను :)

అయితే తేడా మయోసిన్ ఒక్కదానిదేనా? మా మేడమ్ 'నిర్మాణంలోనూ తేడాలున్నాయి, అవి చెప్పు' అని అడుగుతారు.

బయోకెమ్ డబ్బా (ఆదివారం, ఉదయం 8:15)

ఒక్క ఆక్టిన్ తప్ప దాదాపు ప్రతి సామానుకీ రెండు మోడళ్ళు ఉన్నాయి. ఆక్టిన్ మాత్రం స్లోలోనూ ఫాస్ట్‌లోనూ అదే.

ట్రోపోనిన్ సి తీసుకోండి. కాల్షియం వచ్చి దీని మీద కూర్చుంటేనే కండకి 'లాగు' అని ఆర్డర్ వెళ్ళేది. ఆ ఆర్డర్ ఇచ్చే సీట్లు ఫాస్ట్ మోడల్‌లో రెండు, స్లో మోడల్‌లో పనిచేసేది ఒక్కటే. ఆర్డర్ రద్దు చేయాలంటే కాల్షియంని తిరిగి అది నిల్వ ఉండే సంచిలోకి తోడాలి. ఆ పంపు ఫాస్ట్‌లో సెర్కా1, స్లోలో సెర్కా2ఏ. ఫాస్ట్‌లో పంపులూ ఎక్కువే, సంచీ పెద్దది, నరం సంకేతాన్ని ఫైబరు లోపలికి మోసే టి-గొట్టాలూ ఎక్కువ. కండ వేగంగా ముడుచుకోవడమే కాదు, వేగంగా వదలాలి కూడా, లేదంటే రెండో అడుగు ఎలా వేస్తారు? కప్పల్లో, ఎలుకల్లో, చేపల్లో ఫాస్ట్ ఫైబర్లలో పార్వాల్బుమిన్ అని ఇంకో ప్రొటీన్ కూడా ఉంటుంది, కాల్షియంని చటుక్కున పీల్చేస్తుంది. (చేపలు పడని వాళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించేది ఎక్కువగా ఇదే.)

నిర్మాణంలో తేడా అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద జెడ్ గీత, అంటే ఫైబరులో వరుసగా ఉండే గళ్ళ (సార్కోమియర్ల) మధ్య సరిహద్దు, చూడాలి. ఫాస్ట్‌లో సన్నం, 30 నుంచి 50 నానోమీటర్లు. స్లోలోనూ గుండెలోనూ లావు, 100 దాటుతుంది. గీతకి ఇటూ అటూ ఉన్న ఆక్టిన్ తీగల్ని ఆల్ఫా-ఆక్టినిన్ అడ్డంగా కట్టి ఉంచుతుంది. లావు గీతలో ఆ కట్లు ఎక్కువ వరుసలు.

ఇప్పుడు వరస గమనించండి. స్లో ఫైబరు మయోసిన్ ఎంవైహెచ్7, గుండె జఠరికల్లో ఉండేదీ అదే. స్లో ట్రోపోనిన్ సి, గుండెదీ అదే. సెర్కా2ఏ, గుండెదీ అదే. పిక్కలో సోలియస్ అనే కండ ఉంది, నిలబడినంతసేపూ పనిచేసేది, మనుషుల్లో అందులో ఎక్కువ శాతం స్లో ఫైబర్లే. అంటే మన కాళ్ళలో సగం గుండె సామానే ఉంది.

మెట్లదారి (ఆదివారం, ఉదయం 9:30)

ఇదేదో బాగుందే! 61 ఏళ్ళు నాకు. నెలకోసారి అలిపిరి నుంచి నడిచే పోతాను, 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా ఆయాసమే గానీ నొప్పి ఉండదు. కానీ పోయిన నెల దర్శనం అయినాక మొక్కు అని చెప్పి దిగడం కూడా నడిచే దిగినాను. ఆ రోజు బాగానే ఉంది. మర్నాడు కాదు, ఆ మర్నాడు పొద్దున మంచం దిగలేకపోయినాను. తొడల ముందు భాగం చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. బాత్రూమ్‌లో కూర్చోడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా చెప్పండి సార్. దిగేటప్పుడు ఆయాసం కూడా రాలేదే!

ఫిజియో అక్క (ఆదివారం, ఉదయం 10:10)

అంకుల్, ఈ కేసు మాకు తిరుపతిలో మామూలే. బ్రహ్మోత్సవాలప్పుడు రోజుకి ఇద్దరు ముగ్గురు వస్తారు, అందరూ దిగినవాళ్ళే.

ఎక్కేటప్పుడు తొడ కండ ముడుచుకుంటూ లాగుతుంది. దిగేటప్పుడు అదే కండ లాగుతూనే సాగాలి, లేకపోతే మీరు దబ్బున కింద పడతారు. గేదె ముందుకి ఈడుస్తుంటే మీరు వెనక్కి పగ్గం పట్టుకుని ఒక్కో అడుగే వదులుతూ పోతున్నట్టు. ఖర్చయ్యే ఏటీపీ తక్కువ, అందుకే ఆయాసం లేదు. కానీ ఒక్కో ఫైబరు మీద పడే బరువు ఎక్కువ.

1980ల మొదట్లో స్వీడన్‌లో మనుషుల్ని అచ్చంగా మెట్లు దింపించి, తర్వాత పిక్క నుంచి చిన్న ముక్క తీసి చూశారు. పైన సార్ చెప్పిన ఆ జెడ్ గీతలు నిటారుగా ఉండాల్సినవి వంకర్లు పోయి, కొన్నిచోట్ల చెదిరి పక్కకి కారినట్టు కనిపించాయి. తర్వాత చేసిన పనుల్లో ఫాస్ట్ ఫైబర్లకే ఎక్కువ దెబ్బ తగిలినట్టు తేలింది. సన్నటి జెడ్ గీత కూడా ఒక కారణం అంటారు. నాకైతే సబబుగానే అనిపిస్తుంది.

రెండో రోజు నొప్పి ముదరడం మామూలే, తర్వాత తగ్గుతుంది. ఒకసారి దిగిన కండ రెండోసారికి అంత నొప్పి పెట్టదు. మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

రిటైర్డ్ పశువైద్యుడు (ఆదివారం, ఉదయం 10:42)

టైటిన్‌ని వదిలేశావమ్మా. సాగేటప్పుడు స్ప్రింగు అదే. ఒక్క అణువు జెడ్ గీత నుంచి సార్కోమియర్ నడుమ దాకా పాకి ఉంటుంది, మన ఒంట్లోని ప్రొటీన్లలో అతి పెద్దది, బరువు 30 లక్షల డాల్టన్లకి (అణువుల బరువు కొలత) పైనే. జన్యువు ఒక్కటే. కానీ కత్తిరించి అతికించే తీరులో ఒక్కో కండకి ఒక్కో పొడుగు. సోలియస్‌లో పొడుగుది, మెత్తగా సాగుతుంది. నడుము లోపలి సోయస్‌లో పొట్టిది, బిర్రు.

ఫిజియో అక్క (ఆదివారం, ఉదయం 10:58)

అవును సార్, క్లాసులో నేనే చెప్తాను, ఇక్కడ మర్చిపోయాను.

నా దగ్గర ఇంకో సంగతి ఉంది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నడుము విరిగి కాళ్ళు కదలని ఒక అబ్బాయిని రెండేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళమ్మ రోజూ కాళ్ళు పడుతుంది. 'కదలక కదలక కండలు మందగించాయి' అంటుంది. నేను చదివింది దానికి రివర్స్. వెన్నుపాము దెబ్బ తింటే కండ సన్నబడుతుంది గానీ నెలలు గడిచేకొద్దీ స్లో ఫైబర్లు కూడా ఫాస్ట్ వైపు, 2ఎక్స్ వైపు మారిపోతాయి. మొదటిసారి చదివినప్పుడు అచ్చు తప్పేమో అనుకున్నాను. పడుకున్న కండ ఫాస్ట్ అవడమేంటి?

బయోకెమ్ డబ్బా (ఆదివారం, ఉదయం 11:35)

అచ్చు తప్పు కాదు. ఫాస్ట్ అన్నది కండ సొంత మోడల్ అనుకోండి, ఏ ఆర్డరూ రాకపోతే అటే పోతుంది. స్లోగా ఉండాలంటే నరం రోజంతా చిన్నగా, సెకనుకి ఓ పది సార్లు, గిల్లుతూ ఉండాలి. ఫాస్ట్ నరం అలా గిల్లదు, ఎప్పుడో ఒకసారి గట్టిగా గుప్పెడు గిల్లులు ఇచ్చి ఊరుకుంటుంది.

1960లో బుల్లర్, ఎక్లిస్ దంపతులు కాదు, తండ్రీకూతుళ్ళు అనుకుంటా... సరే, బుల్లర్, ఇద్దరు ఎక్లిస్‌లు పిల్లుల్లో స్లో కండకి వెళ్ళే నరాన్ని ఫాస్ట్ కండకీ, దాన్ని దీనికీ అడ్డంగా కలిపి కుట్టారు. కొన్నాళ్ళకి స్లో కండ చురుగ్గా, ఫాస్ట్ కండ మెల్లగా ముడుచుకోవడం మొదలైంది. తర్వాత 1969లో నరం మార్చకుండా కరెంటుతో మెల్లగా గిల్లి కూడా ఫాస్ట్ కండని మెల్లగా మార్చారు. గిల్లుడు వల్ల కణంలో కాల్షియం సన్నగా నిలిచి ఉంటుంది, కాల్సినూరిన్ అనే ఎంజైము దాన్ని పసిగట్టి స్లో జన్యువులకి కబురు పంపుతుంది. ఆ అబ్బాయికి నరం కబురు ఆగిపోయింది. అంతే.

జిమ్ తమ్ముడు (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

సారీ అందరికీ, నిన్న తెలీక అన్నాను. ఒక సీరియస్ డౌట్. మా జిమ్‌లో ఉమ్మితో డీఎన్ఏ టెస్ట్ చేయించుకోమంటున్నారు, 'స్ప్రింట్ జీన్' ఉందో లేదో చెప్తారంట. చేయించాలా?

బయోకెమ్ డబ్బా (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

వాళ్ళు చూసేది ఏసీటీఎన్3. ఆల్ఫా-ఆక్టినిన్-3, ఫాస్ట్ ఫైబర్ల జెడ్ గీతల్లో మాత్రమే ఉండేది. కొందరిలో 577వ అమైనో ఆమ్లం దగ్గర 'ఆపు' అని గుర్తు పడి ప్రొటీన్ తయారవదు. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది బొత్తిగా ఉండదు, అయినా ఏ జబ్బూ రాదు. ఆల్ఫా-ఆక్టినిన్-2 ఆ చోటు సర్దుకుంటుంది. మేటి స్ప్రింటర్లలో ఈ లేమి అరుదు, అది నిజమే. కానీ నువ్వు మేటి స్ప్రింటర్ అవుతావో లేదో టెస్టు చెప్పదు, నూరు మీటర్లు పరిగెత్తి గడియారం చూస్తే చెప్తుంది. ఆ డబ్బుతో బూట్లు కొనుక్కో.

కోళ్లంగడి (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

ఇప్పటిదాకా గిరాకీ, ఇప్పుడే చదివినా. ఒకటి అడుగుతా. ఈ మధ్య పెద్ద బాయిలర్లలో కొన్నింటి బ్రెస్టు కట్టె మాదిరి గట్టిగా, పైన తెల్ల చారలతో ఉంటుంది. కస్టమర్లు పాతది ఇచ్చినావని గొడవ. పొద్దున్నే కోసిందే!

రిటైర్డ్ పశువైద్యుడు (ఆదివారం, మధ్యాహ్నం 3:15)

పాతది కాదు, మీ తప్పూ కాదు. వేగంగా పెరిగే జాతుల్లో వచ్చే లోపం. ఫైబర్లు తట్టుకోలేనంత లావెక్కి, కొన్ని చచ్చి, ఆ చోట కొవ్వూ నారా చేరతాయి. ఆ తెల్ల చారలు అవే. తింటే ప్రమాదం లేదు, రుచే ఉండదు. కైమాకి పెట్టేయండి.

మెట్లదారి (ఆదివారం, సాయంత్రం 5:50)

గుండె సామాను మాట నన్ను వదల్లేదు. పోయిన ఏడాది ఛాతీలో మంట అంటే ఒక ఆస్పత్రిలో ట్రోపోనిన్ టెస్ట్ రాసినారు. గ్యాస్ అని తేలిందిలే. కానీ పిక్కలో కూడా అదే ఉంటే, మెట్లు దిగిన రోజు టెస్ట్ చేస్తే గుండెపోటు అని వస్తుందా?

బయోకెమ్ డబ్బా (ఆదివారం, సాయంత్రం 6:30)

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మంచి ప్రశ్న అంకుల్. ట్రోపోనిన్లు మూడు: సి, ఐ, టి. గుండెకీ స్లో కండకీ ఉమ్మడిది సి మాత్రమే. ఐ, టి గుండెకి విడిగా సొంత జన్యువులున్నాయి. అందుకే ల్యాబుల్లో సి జోలికి పోరు, ఐ గానీ టి గానీ చూస్తారు. కండ నలిగితే బాగా పెరిగేది సీకే, అంటే కండల్లో ఉండే క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైము. అప్పుడు సీకే రిపోర్టు చూసి మీరే బెదిరిపోతారు, డాక్టరుకి మెట్లు దిగిన సంగతి ముందే చెప్పండి.

ల్యాబ్ కోటు (సోమవారం, రాత్రి 8:25)

వైవా అయిపోయింది. మనిషి స్లైడుకి '2ఎక్స్, పాత పేరు 2బి' అని చెప్పాను. మేడమ్ ఒక్క క్షణం కళ్ళజోడు పైనుంచి చూసి, 'మరి దీన్నేమంటావ్' అని పాయింటర్ ఇంకో ఫైబరు మీద పెట్టారు. 4.3 స్లైడులోనూ బూడిదే, 9.4 స్లైడులోనూ బూడిదే. నాకు నోరు పెగల్లేదు.

హైబ్రిడ్ అట. ఒకే ఫైబరులో స్లో, 2ఏ రెండు మయోసిన్లూ. ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కి మారుతున్నవి కొన్ని, జీవితాంతం అలాగే ఉండేవి కొన్ని అని చెప్పారు. మార్కులు మాత్రం కోసేశారు.

కోళ్లంగడి (సోమవారం, రాత్రి 8:50)

పోనీలే పాపా. వచ్చే ఆదివారం మా అంగడికి రా, పావురం ఉండదు గానీ బాతు ఉంటుంది. బ్రెస్టు నువ్వే కోసి చూడు.

మెట్లదారి (సోమవారం, రాత్రి 9:12)

నేను శనివారం శ్రీవారి మెట్టు దారిలో పోతున్నా, 2,388 మెట్లే. దిగేది బస్సులో. ఎవరైనా తోడొస్తారా?